గేటు పడ్డాక

మా ఊళ్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే కారణం అడగరు. ‘గేటు పడిందా?’ అంటారంతే. పెళ్లికి పురోహితుడు రాకపోయినా, బడికి పంతులు రాకపోయినా, కొత్తల్లుడు వేళకి భోజనానికి దిగకపోయినా ఆ తప్పు గేటుదే. కాజీపేట–విజయవాడ లైను మా ఊరిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఇళ్లు ఇటు, బజారు అటు. 1889లో నిజాం రైలు బెజవాడ చేరిన దగ్గర్నుంచీ మా వాళ్లకిదే వరస.

ఆ గేటు దగ్గర నేను గడిపిన సమయం కూడితే ఓ డిగ్రీ చేతికొచ్చేది. అందులో ముప్పావు వంతు నాన్న స్కూటరు మీదే. సీటుకీ హ్యాండిలుకీ మధ్య ఉండే ఖాళీలో నిలబడి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని, బండి నేనే నడుపుతున్నానన్న ధీమాతో.

మొన్న దసరాకి ఊరెళ్లి ఆ స్కూటరుని ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి వచ్చాను. ఈ వారం కబుర్లు దాని గురించే. మధ్యలో రైళ్లు అడ్డమొస్తాయి. ఏం చేస్తాం, గేటు దగ్గర పెరిగినవాణ్ని.

అది 1990లో వచ్చిన చేతక్. ‘కొన్న’ అనకుండా ‘వచ్చిన’ అన్నాను, గమనించారా? అప్పట్లో స్కూటరుని కొనేవారు కాదు, అదే ఎప్పుడో వచ్చేది. డబ్బు కట్టి పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. విదేశీ డబ్బు చెల్లించేవాళ్లకి తొందరగా ఇచ్చేవారట. మా వంశంలో అప్పటికి విమానం ఎక్కినవాళ్లే లేరు. నాన్న పెళ్లికి ముందు పేరు రాయిస్తే, నాకు మూడేళ్లు నిండాక బండి ఇంటికొచ్చింది. ‘వీడు నయం, తొమ్మిది నెలలకే వచ్చాడు’ అని అమ్మ నన్ను చూపించి ఇప్పటికీ అంటుంది.

రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి బజాజ్ 1972లో మొదలుపెట్టిన బండి అది. మా దానికి ఆ గుర్రం లక్షణాలు రెండే ఉండేవి. మొండితనం ఒకటి, నాన్న చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి ఒప్పుకోకపోవడం ఒకటి. వానాకాలం పొద్దున్నే దాన్ని ఓ పక్కకి వంచి, కాసేపు అలా పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టాలి. అయిదో కిక్కుకీ పలక్కపోతే ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాలి. ఆరో కిక్కుకి నాన్న చుట్టూ చూసేవాడు. ఆ చూపు నాకు తెలుసు. తొయ్యమని. మీ ఇంట్లోనూ ఈ బండి ఉండి ఉంటే మీకు చెప్పనక్కర్లేదు, లేకపోతే చెప్పినా అర్థం కాదు.

పెట్రోలు పోయించడం ఇంకో యాగం. లీటరుకి ఇరవై మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి. బంకు కుర్రాడు కళ్లతో కొలిచి పోస్తాడని నాన్నకి అనుమానం. అందుకే డిక్కీలో ఓ చిన్న ప్లాస్టిక్ కొలత గ్లాసు ఉండేది. నా దగ్గు మందు సీసా మూత అది. దగ్గు తగ్గింది, మూత మాత్రం ముప్పై ఏళ్లకి పైగా ఆ డిక్కీలోనే ఉండిపోయింది.

నంబరు ‘ఏపీ 20’తో మొదలవుతుంది. మా జిల్లా 2014లో తెలంగాణలోకి వెళ్లాక కొత్త బళ్లకి ‘టీఎస్’ అని వచ్చింది, 2024 మార్చి నుంచి ‘టీజీ’ అయింది. మా స్కూటరు మాత్రం ఏపీగానే తిరిగింది. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, ఆ గడువు నాన్న ఒక్కసారీ తప్పలేదు. రెండు చక్రాల బళ్లకి ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో మూడొందల నుంచి వెయ్యికి పెరిగినప్పుడు మాత్రం ‘దీని ఖరీదెంత, ఫీజెంత’ అని ఓ వారం గొణిగాడు. తర్వాత వెళ్లి కట్టొచ్చాడు.

మరి ఇప్పుడెందుకు ఇచ్చేశారంటారా? బండి తప్పేం లేదు. నాన్న కళ్లలో నీటికాసులు. చాలామందికి నొప్పి తెలియదు, ఎరుపు కనపడదు. చూపు అంచుల నుంచి మెల్లగా మూసుకొస్తుంది, పోయిన మేర తిరిగి రాదు. ఎదురుగా ఉన్న అక్షరం చదువుతాడు, పక్కనుంచి వచ్చే ఆటో కనిపించదు. వేసవిలో పరీక్ష చేయించినప్పుడు డాక్టరు మందు చుక్కలు రాసిచ్చి, ఉన్న చూపు నిలబెట్టుకోవడానికి అవి ఒక్కరోజూ మానొద్దన్నాడు. బండి మాత్రం మానెయ్యమన్నాడు. (ఇంట్లో ఎవరికైనా ఇది ఉంటే నలభై దాటిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పిల్లలూ కూడా ఓసారి కంటి పరీక్ష చేయించుకోవాలి. నాకు నలభై ఇంకా నిండలేదు గానీ చేయించుకున్నాను.)

ఇక మిగతాదంతా నేనే నిర్ణయించేశాను. హైదరాబాద్‌లో కూర్చుని, ఫోన్లో. చెల్లి మా ఊళ్లోనే అమ్మానాన్నల దగ్గర ఉండి బ్యాంకులో చేస్తోంది. దానికో కరెంటు స్కూటరు కొందాం, పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చేద్దాం, వరండాలో చోటూ మిగులుతుంది. లెక్క బాగానే ఉంది. ‘నీ ఇష్టంరా’ అన్నాడు నాన్న. పిల్లలు పెద్దయ్యాక తండ్రులు వాడే మాట అది. దానికి ఒప్పుకున్నారని అర్థం చెప్పుకోవడం మనకి సౌకర్యంగా ఉంటుంది.

అన్నట్టు ఇంకో దారి కూడా చూశాను. నగరంలో ఒకటి రెండు కాఫీ దుకాణాల్లో పాత చేతక్‌కి రంగులేసి గోడకి ఆనించి పెడుతున్నారు. జనం దాని మీద కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. ధర బాగా వస్తుందన్నాను.

‘నడవని బండిని చూట్టానికి వస్తారా?’

‘వస్తారు నాన్నా.’

‘మరి నడిచేదాన్ని వాళ్లకెందుకు?’

ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

పండగ మర్నాడు పొద్దున బయల్దేరాం. నేను నడుపుతున్నాను, నాన్న వెనక. ఆ బండి మీద ఆయన వెనక కూర్చోవడం ముప్పై అయిదేళ్లలో అదే మొదలు. ఎడంచేత్తో క్లచ్చు నొక్కి, అదే చేతిని తిప్పి గేరు మార్చాలి. అలవాటు తప్పి రెండోదానికి బదులు న్యూట్రల్‌లో పడేశాను. వెనకనుంచి చిన్న దగ్గు వినిపించింది. ఏమీ అనలేదు.

గేటు పడింది.

నా భుజం మీద రెండు వేళ్లతో తట్టాడు. ఇంజిన్ ఆపెయ్యమని. గేటు దగ్గర నాన్న నియమం అది. చుట్టూ ఉన్న బళ్లన్నీ పొగలు కక్కుతున్నా మా చేతక్ మాత్రం నోరు మూసుకునేది. అది ఆగగానే చెవుల్లో ఓ నిశ్శబ్దం దిగేది. పట్టాల పక్క తుమ్మచెట్టు మీద పిట్టలు అప్పుడే వినిపించేవి.

గేట్‌మ్యాన్ పచ్చజెండా పట్టుకుని బయటికొచ్చి నాన్నని చూసి నవ్వాడు. ‘ఏం సారూ, ఇయ్యాల లేటయింది? గోల్కొండ పోయి చానా సేపయింది.’

నాకర్థం కాలేదు. ‘రోజూ వస్తాడా?’ అనడిగాను.

‘వానొస్తే తప్ప రాని రోజేది? ఆ చెట్టు కింద బండి ఆపి నిలబడతడు. నాలుగు బళ్లు చూసుకుని పోతడు.’

నాన్న రిటైరై పదమూడేళ్లు. పొద్దున్నే స్కూటరేసుకుని పాలకి వెళ్తాడనే ఇంట్లో అందరం అనుకుంటున్నాం. పాలబూతు ఇంటికి ఇటుపక్కే, నడిస్తే అయిదు నిమిషాలు. అంతసేపు పాలు ఏ ఊరి నుంచి తెస్తున్నాడని మేమెవరం అడగలేదు.

‘ఇక్కడికెందుకు నాన్నా?’

కాసేపు పట్టాల వైపు చూశాడు. ‘అలవాటురా. బడికెళ్తే బెల్లు, పిల్లలు, హెడ్మాస్టరు. ఇంటికొస్తే మీరు. గేటు పడిందంటే ఆ కాసేపు నన్నెవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.’

అయిదేళ్ల కొడుక్కి రైళ్లు చూపించడానికే ఆయన అలా ఇంజిన్ ఆపి నిలబడేవాడని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. అసలు నేను ఈ కాలమ్‌లోనే ఓసారి అలా రాసుకున్నాను కూడా. రైళ్లు ఆయనవి. నేను ముందు నిలబడి ఉన్నానంతే.

ముందు బొగ్గు గూడ్సు వచ్చింది. మా గేటుకి అది పాత చుట్టం. మణుగూరు, కొత్తగూడెం వైపు నుంచి సింగరేణి బొగ్గు డోర్నకల్ జంక్షన్ దగ్గర మెయిన్ లైనెక్కి మా ఊరి మీదుగా కొండపల్లి వైపు దిగుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొయ్యిలోకి. బరువుతో వెళ్లేటప్పుడు నేల అదురుతుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు డబ్బాలు మోగుతాయి. కళ్లు మూసుకుని చెప్పొచ్చు ఏది ఏదో.

చిన్నప్పుడు నాకూ నాన్నకీ దీని మీద ఓ తగాదా ఉండేది. నేను యాభై ఎనిమిది డబ్బాలు లెక్కపెట్టేవాణ్ని. ఆయన యాభై తొమ్మిది అనేవాడు. చివర్న గార్డు ఉండే చిన్న పెట్టెని ఆయన కలుపుతాడు, నేను కలపను. ‘అందులో బొగ్గు లేదుగా’ అని నేను. ‘మనిషున్నాడుగా’ అని ఆయన. ఆ గార్డుకి 2022 జనవరి నుంచి ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు మార్చారు. నాన్న మాత్రం గార్డనే అంటాడు.

2021 అక్టోబరులో మూడు గూడ్సులు ఒకదాని వెనక ఒకటి తగిలించి, 177 డబ్బాలతో ‘త్రిశూల్’ అని దక్షిణ మధ్య రైల్వే నడిపినప్పుడు నాన్న పనిగట్టుకుని ఫోన్ చేశాడు. ‘యాభై తొమ్మిది మూళ్లు ఎంతరా?’ అని. నేను ఏదో మీటింగులో ఉండి తర్వాత చేస్తానన్నాను. ఆ రైలు మా కొండపల్లి నుంచే బయల్దేరింది గానీ ఖుర్దా వైపు, అంటే మాకు ఎదురు దిక్కుకి వెళ్లిపోయింది. అంత పొడుగు బండి మన గేటు ముఖం చూడకుండా పోయిందని ఆయనకి ఇప్పటికీ బాధే. అంత బండి మా గేటు దాటాలంటే ఊరంతా ఎంతసేపు ఆగాలో ఆయన ఆలోచించినట్టు లేదు. ఆలోచించే ఉంటాడు, అందుకే కావాలన్నాడేమో.

గేటు లేవలేదు. ఎవరో హారన్ కొట్టారు. గేట్‌మ్యాన్ చేతిలో ఏమీ ఉండదని వాళ్లకి తెలీదు. గేటు పూర్తిగా పడి తాళం బిగిస్తేనే రైలుకి సిగ్నల్ పచ్చబడుతుంది, ఓసారి పచ్చబడ్డాక రైలు దాటేదాకా గేటు లేవదు. రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

తర్వాత వందేభారత్. విశాఖ నుంచి సికింద్రాబాద్ వెళ్లేది. 2023 సంక్రాంతి రోజున మొదలైనప్పుడు ఊరంతా పిల్లల్ని ఎత్తుకుని వచ్చి చూసింది. సర్రున తెల్లగా పోయింది. నాన్న పెద్దగా పట్టించుకోలేదు. ‘బానే ఉంది గానీ కిటికీలు తెరుచుకోవు. ఎవరూ చెయ్యూపరు’ అన్నాడు.

ఆ తర్వాతే అసలు బండి వచ్చింది. చూట్టానికి ప్యాసింజరు రైల్లాగే ఉంది, కిటికీలు మాత్రం లేవు. ఉండాల్సిన చోట రేకులు వేసి మూసేశారు. తలుపులూ అంతే. ఒక్కో పెట్టె మీద ‘ఎన్ఎంజీ’ అని రాసుంది. నాన్న నా భుజం పట్టుకుని ముందుకి వంగాడు.

‘ఇది చూశావా? మన పాత పెట్టెలే. జనాన్ని మోసే వయసు అయిపోయాక ఇలా చేస్తారు. చివరి గోడ విప్పి తలుపు పెడతారు. అందులోంచి కార్లు ఎక్కిస్తే ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడుపుకుంటూ వెళ్లిపోవచ్చు. షోరూములకి కొత్త బళ్లు వెళ్లేది వీటిలోనే.’

ఆయన చెప్పింది నిజం. పెరంబూరు ఫ్యాక్టరీలో 1955 నుంచి తయారైన పెట్టెలివి. మనలో చాలామంది పరీక్షలకీ పెళ్లిచూపులకీ తిరుపతికీ వెళ్లింది వాటిలోనే. ఆ నమూనా తయారీ 2018 జనవరిలో ఆగిపోయింది. ప్రయాణికులకి పనికిరావనుకున్న వాటిలో కొన్నిటిని ఇలా మార్చి కొత్త వాహనాలు రవాణా చేస్తున్నారు. పాత పెట్టె లోపల కొత్త కారు కూర్చుని ఊరేగుతుందన్నమాట. విలేకరి ఉద్యోగం చేస్తూ ఇన్నేళ్లలో ఈ రైలుని ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారీ ఇదేమిటని అడగలేదు.

‘నువ్వు జర్నలిజం డిప్లొమాకి గోల్కొండలో వెళ్లొచ్చేవాడివి కదా? ఆ పెట్టె కూడా వీటిలో ఉందేమో’ అన్నాడు నాన్న.

రేకుల మీద పాత కిటికీల ఆనవాళ్లు వరసగా కదిలిపోతున్నాయి. రెండు వారాలకోసారి అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా కాళ్ల మధ్య పెట్టుకుని, కిటికీ చువ్వలకి తల ఆనించి, నేనూ ఈ గేటు దాటినవాణ్నే. రైలు ఈ గేటు దాటేటప్పుడు నాన్న ఇక్కడ చెట్టు కింద నిలబడి ఉండి ఉంటాడా? అడగాలనిపించింది. గేటు లేచింది. వెనక ఆటోవాడు ఆగడంలేదు. అయిదో కిక్కుకి స్టార్టయింది.

షోరూంలో పని పావుగంట. కుర్రాడు బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, టైర్లు కాలితో తన్ని, ‘రెండు వేలు వేసుకోండి సార్. ఇనుం రేటే’ అన్నాడు. చేతక్ 2006 నాటికే ఆగిపోయిన బండి, విడిభాగాలు దొరకవు, అతని మాటలో అబద్ధం లేదు. బేరమాడతానని నోరు తెరిచేలోపే నాన్న తలూపేశాడు. అదే పేరుతో 2020లో బజాజ్ కరెంటు బండి తెచ్చిందని నేనేదో ఉత్సాహంగా చెప్పబోతే ‘పేరుదేముంది’ అన్నాడు. చెల్లి సీటు ఎత్తు చూసుకుని వేరే కంపెనీది ఎంచుకుంది.

ఇక్కడ మీకో మాట. ఎక్స్ఛేంజిలో బండి ఇచ్చినా, తెలిసినవాళ్లకి అమ్మినా ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టుకోకండి. బండి ఏ రోజు, ఏ గంటకి అప్పగించారో రాయించుకుని కాపీ దాచుకోండి. ఆర్సీలో పేరు మారిందో లేదో నెల తిరక్కుండా చూసుకోండి. పేరు మారేలోపు ఆ బండితో ప్రమాదం జరిగితే బాధ్యత రికార్డుల్లో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మా కుర్రాడు ‘అవన్నీ మేం చూసుకుంటాం సార్’ అన్నాడు. నాన్న కళ్లజోడు సర్దుకుని ప్రతి గడీ చదివి, ఖాళీగా ఉన్నచోట అడ్డగీతలు కొట్టి మరీ సంతకం పెట్టాడు. ఆయన ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దినవాడు.

తర్వాత డిక్కీ తెరిచాడు. ప్లగ్గు పానా, పాత బనీను గుడ్డ, పురికొస, ఎప్పటిదో రేషన్ రసీదు. అన్నీ అక్కడే వదిలేసి దగ్గు మందు మూత ఒక్కటే తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. బండిని ఇద్దరు కుర్రాళ్లు వెనక షెడ్డులోకి తోసుకెళ్తుంటే ఓ అడుగు ముందుకేసి ‘కుడివైపు లాగుతుంది, చూసుకోండి’ అన్నాడు. వాళ్లు వినలేదు. విన్నా వాళ్లకి అవసరం లేదు, దాన్ని నడిపేవాళ్లు ఇక లేరు.

నేను హైదరాబాద్ వచ్చేశాను. చెల్లి ఫోన్లో చెప్పింది, నాన్న ఇప్పుడు నడిచే పాలకి వెళ్తున్నాడట, అయిదు నిమిషాల్లో వచ్చేస్తున్నాడట. ఆ వార్త నాకు బాగోలేదు. చెప్పలేదు గానీ దానికీ బాగున్నట్టు లేదు. గేటు దాకా నడవాలంటే రెండు కిలోమీటర్లు, మధ్యలో లారీల రోడ్డు, పక్కచూపు లేని మనిషి. ఆటో మాట్లాడతానంటే ‘రైళ్లు చూట్టానికి ఆటోనా, నవ్విపోతారు’ అన్నాడట. పైగా ఆ గేటు కూడా ఎంతోకాలం ఉండదు. పక్కనే పైవంతెన స్తంభాలు లేస్తున్నాయి. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లు 2019 జనవరికే అన్నీ పోయాయి, ఇప్పుడు కాపలా ఉన్నవాటి వంతు. ప్రాణాలు కాపాడే పనే, కాదనలేం. వంతెనెక్కి అంబులెన్సు ఆగకుండా వెళ్తుందంటే నేనూ సంతోషించేవాణ్నే.

గత ఆదివారం మళ్లీ వెళ్లాను. చెల్లి కొత్త బండి తీసి ‘నాన్నా, పాలకి వస్తావా?’ అన్నాను. అమ్మ గిన్నె ఇవ్వబోయి, ఎందుకో ఇవ్వకుండా లోపలికి వెళ్లిపోయింది.

గేటు పడే ఉంది. చెట్టు కింద ఆపాను. నా భుజం మీద రెండు వేళ్లు తట్టాయి. తాళం తిప్పాను గానీ ఆ బండికి ఆగినా ఒకటే, నడిచినా ఒకటే. చప్పుడే లేనిదానికి ఆగడమేముంది? నాన్న ఆ నిశ్శబ్దం కోసం కాసేపు చూసినట్టున్నాడు. తర్వాత సర్దుకున్నాడు.

బొగ్గు గూడ్సు వచ్చింది, ఖాళీది, మోగుకుంటూ. ఇద్దరం పైకి అనకుండా లెక్కపెట్టుకున్నాం. చప్పుడు తగ్గాక ‘యాభై ఎనిమిది’ అన్నాను.

ఆయన ఇంకా పట్టాల వైపే చూస్తున్నాడు.

‘చివర్న గార్డు పెట్టె ఉందా?’ అనడిగాడు.

‘ఉంది.’

‘అయితే యాభై తొమ్మిది.’